క్యాంపు కబుర్లు: మెరిసే రాయి దొరికిందా?



పోయిన నెలలో ఒక శనివారం రాత్రి మెస్‌లో భోజనం చేసి రూముకు వచ్చి కూర్చున్నాం. తలుపు కొట్టి ఒక పెద్దాయన లోపలికి వచ్చాడు. ఆయనది జగిత్యాల దగ్గర పల్లెటూరు. రస్ అల్ ఖైమా వైపు సున్నపురాయి క్వారీలో పని. మంచం అంచున కూర్చుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "తమ్మీ, జర తలుపు దగ్గరికెయ్యి" అన్నాడు.

సంచిలోంచి తువ్వాలు మూట తీశాడు. విప్పితే లోపల గుప్పెడంత తెల్లరాయి. ఒక పక్క మబ్బుగా, ఇంకో పక్క అద్దంలా ఉంది. ట్యూబ్‌లైట్ కింద తళతళ మెరిసింది. మూటలోనే ఒక మందు సీసా ఉంది. అందులో ఆ రాయి నుంచి రాలిన చిన్న ముక్కలు ఉన్నాయి. వాటిని కూడా పారేయలేదు పాపం.

"నాలుగేండ్ల సంది పెట్టెల దాస్కున్న. ఎవ్వలకు చెప్పలె. మొన్న ఒకాయన చూసి వజ్రం అన్నడు. కాయితం చేపిస్తే ముంబై పార్టీ వచ్చి కొంటదట. కాయితానికి పదిహేను వందల దిర్హాలు. మూడు వందలు ఇచ్చిన. జీతం రాంగనే మిగిలినయి ఇస్తనన్న. నువ్వు ఆఫీసుల పని చేస్తవు గద, గీ కాయితం అసలుదో కాదో చెప్తవని వచ్చిన."

ఆయన అడిగింది రాయి గురించి కాదు, కాగితం గురించి. రాళ్ళ సంగతి నాకు తెలియకపోయినా కాగితాల సంగతి తెలుసు. రోజూ వందల కాగితాలు ఫైలు చేసే ఉద్యోగం నాది. ఆ కాగితం మీద రంగుల్లో వజ్రం బొమ్మ ఉంది, బంగారు రంగు స్టాంపు ఉంది. ఇచ్చినవాళ్ళ అడ్రసు లేదు, సీరియల్ నంబరు లేదు. అన్నిటికంటే ముఖ్యం, రాయి బరువు ఎక్కడా రాయలేదు. వజ్రం సర్టిఫికెట్‌లో బరువు లేకపోవడమంటే పాస్‌పోర్టులో పేరు లేకపోవడమే.

అదే మాట చెబితే ఆయన, "మరి మిషిన్ల మోగింది తమ్మీ, నా కండ్లతోని చూసిన" అన్నాడు. పెన్నులాంటి ఒక మెషిన్ ఉంటుంది. దాని మొన రాయికి తగిలిస్తే వేడి ఎంత తొందరగా పాకుతుందో చూసి మోగుతుంది. వజ్రానికి మోగుతుంది, నిజమే. కానీ లోహానికి తగిలినా మోగుతుంది, మోయిసనైట్ అనే తయారీ రాయికి కూడా మోగుతుంది. పట్టుకున్నవాడి వేలు ఎక్కడుందో, మొన దేనికి తగిలిందో చూసేవాడికి తెలియదు. కాబట్టి మోత వినబడితే అది సాక్ష్యం కాదు.

మా రూములో రాజంపేట తమ్ముడు ఒకడున్నాడు. కాంక్రీటు, కంకర పరీక్షించే ల్యాబులో టెక్నీషియన్. వాడు అప్పటిదాకా ఫోన్ చూస్తూ పడుకున్నవాడు లేచి, "అన్నా, ఆ రాయి ఇట్లా ఇవ్వు, తూకం వేద్దాం" అన్నాడు. మెస్ కుక్ దగ్గర మసాలాలు తూచే చిన్న డిజిటల్ కాటా ఉంటే తెచ్చాం. రాయి 217 గ్రాములు తూగింది.

ఇక్కడ చిన్న లెక్క. ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాము, అంటే గ్రాముకు 5 క్యారెట్లు. 217 గ్రాములంటే 1085 క్యారెట్లు. ఇంగ్లాండు రాణుల కిరీటంలోకి చేరిన మన కోహినూర్ ఇప్పటి బరువు 105.6 క్యారెట్లు. దాదాపు 21 గ్రాములు, అంతే. "అన్నా, నీ రాయి వజ్రమే అయితే కోహినూర్‌కు పదింతలు. దానికి పదిహేను వందల దిర్హాల కాగితం అడిగేవాడు ఉంటాడా?" అన్నాను. రూములో ఎవరూ నవ్వలేదు. ఆయన ముఖం చూస్తే నవ్వాలనిపించలేదు. తీర్చాల్సిన అప్పు, ఇంటర్ చదివే బిడ్డ, కట్టాల్సిన ఇల్లు, నాలుగేళ్ళుగా అన్నీ ఆ రాయి మీదే పెట్టుకున్నాడు.

బరువు ఒక్కటే చూసి తేల్చకూడదని తమ్ముడు మిగతా పరీక్షలు కూడా చేశాడు. మనలో చాలామందికి ఇవి పనికొస్తాయి కనుక వివరంగా రాస్తున్నాను. క్వారీల్లో, రోడ్డు పనుల్లో, పైపులైను తవ్వకాల్లో ఉన్నవాళ్ళం రోజూ రాళ్ళ మధ్యే ఉంటాం. ఏదో ఒకరోజు మెరిసేది కంటబడుతుంది.

మొదటిది గట్టిదనం. జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ 1812లో ఖనిజాలకు 1 నుంచి 10 దాకా గట్టిదనం నంబర్లు పెట్టాడు. మనం చిన్నప్పుడు పలక మీద రాసిన బలపపు రాయి 1. జిప్సం 2. సున్నపురాయిలో ఉండే కాల్సైట్ 3. పలుగురాయి 7. కెంపు, నీలం, మన కురువిందం 9. వజ్రం 10. మన చేతి గోరు రెండున్నర, చాకు గానీ గాజు గానీ ఐదున్నర దగ్గర ఉంటాయి. ఎక్కువ నంబరుది తక్కువ నంబరు దాన్ని గీస్తుంది. గీసిన తర్వాత తడి వేలితో తుడిచి చూడాలి. తుడిస్తే పోయేది పొడి, పోకుండా ఉండేది గీత. ఈ ఒక్క జాగ్రత్త తెలియక చాలామంది మోసపోతారు.

పెద్దాయన రాయి అడుగున ఒక మూల చాకుతో మెల్లగా గీశాం. తెల్లటి గీత లోతుగా పడింది. వజ్రం మీద చాకు గీత పడదు. అంతెందుకు, పలుగురాయి మీద కూడా పడదు.

ఇక్కడే ఇంకో మాట. "గాజును కోసింది, కాబట్టి వజ్రమే" అని మన ఊళ్ళలో గట్టి నమ్మకం. పొలం గట్టున దొరికే మామూలు పలుగురాయి కూడా గాజును కోస్తుంది. ఇంకొందరు సుత్తితో కొడతారు, పగలకపోతే వజ్రమని. ఇది మరీ తప్పు. వజ్రం గట్టిదే గానీ పెళుసు. సుత్తి దెబ్బకు నిజమైన వజ్రం పగిలిపోతుంది. పగిలింది కాబట్టి వజ్రం కాదని ముక్కలు పారేసినవాడి సంగతి ఆలోచించండి.

రెండోది నీళ్ళ తూకం. ఇది నాకు బాగా నచ్చింది. కాటా మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి అంకె సున్నా చేయాలి. రాయికి దారం కట్టి, నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి. అడుగుకు గానీ పక్కలకు గానీ తగలకూడదు. అప్పుడు కాటా చూపించే అంకె ఆ రాయి ఎంత చోటు ఆక్రమిస్తుందో చెబుతుంది. రాయి అసలు బరువును ఆ అంకెతో భాగిస్తే, అది నీటికంటే ఎన్ని రెట్లు బరువో తెలుస్తుంది. మాకు కాటా 80 చూపించింది. 217ను 80తో భాగిస్తే 2.71. కాల్సైట్‌కు ఉండాల్సింది సరిగ్గా అదే. పలుగురాయి అయితే 2.65 వస్తుంది, వజ్రమైతే మూడున్నర రావాలి. కాల్సైట్‌కూ పలుగురాయికీ తేడా చాలా తక్కువ, మెస్ కాటా మీద ఆ తేడాను నమ్మలేం. కానీ చాకు గీత ఆ అనుమానం తీర్చేసింది. ఏ పరీక్షా ఒక్కటే సరిపోదు, రెండు మూడు కలిపి చూడాలి. నాకు ఇంటర్ ఫిజిక్స్‌లో ఆర్కిమెడిస్ సూత్రం బట్టీపట్టడం గుర్తుంది గానీ, దానితో ఇట్లాంటి పని ఉంటుందని అప్పుడు తెలియదు.

మూడోది నిమ్మకాయ. సీసాలోని పొడి ముక్కల మీద నిమ్మరసం పిండితే సన్నగా బుడగలు వచ్చాయి. ఇంటర్ సైన్స్ చదివినవాళ్ళకు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో కార్బొనేటు పరీక్ష గుర్తుండే ఉంటుంది, అదే ఇది. వెనిగర్ పోసినా వస్తాయి. గట్టి రాయి మీద కంటే పొడి మీద బాగా కనిపిస్తాయి. బాత్‌రూములు కడిగే యాసిడ్, బ్యాటరీ యాసిడ్ మాత్రం దీనికోసం ముట్టుకోవద్దు, రాయి కోసం కళ్ళు పోగొట్టుకోకండి.

చివరిది చూసి అందరం ఆశ్చర్యపోయాం. సీసాలో గోరంత వెడల్పు, అంతే మందం ఉన్న స్వచ్ఛమైన ముక్క ఒకటుంది. చతురస్రంగా కాకుండా పక్కకు వాలిన పెట్టెలా ఉంది. కాల్సైట్ ఎక్కడ పగలగొట్టినా అట్లాగే పగులుతుంది. తమ్ముడు ఆ ముక్కను టేబుల్ మీద ఉన్న పాత పేపరు మీద పెట్టాడు. దాని కింద ప్రతి అక్షరం రెండుగా కనిపించింది. ముక్కను తిప్పితే ఒక అక్షరం నిలబడి ఉంటుంది, రెండోది దాని చుట్టూ తిరుగుతుంది. వెలుగు కిరణాన్ని కాల్సైట్ రెండుగా చీలుస్తుంది. పెద్దాయన కళ్ళజోడు తెచ్చుకుని మరీ చాలాసేపు చూశాడు.

ఈ సంగతి క్యాంపులో పాకింది. ఆ తర్వాత రెండు వారాలు మా టేబుల్ మీద రాళ్ళే రాళ్ళు. బ్లాకుకు ఒకరు చొప్పున పెట్టెల అడుగు నుంచి తీసుకొచ్చారు. ఇంతమంది ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పకుండా రాళ్ళు దాచుకున్నారని నాకు తెలియదు. తెచ్చిన ప్రతివాడూ ముందు తలుపు వేయమన్నవాడే.

ఫుజైరా కొండల వైపు పనిచేసేవాళ్ళు తెచ్చినవి ఎక్కువ. ఆ హజర్ కొండల కథ చెప్పాలి. ఒమన్‌లోకి పోయే ఆ వరసలో చాలా భాగం ఒకప్పటి సముద్రం అడుగు. దాదాపు 9 కోట్ల 50 లక్షల ఏళ్ళ కింద ఏర్పడిన సముద్రపు నేల, దాని కింద ఉండే భూమి లోపలి పొర రెండూ కలిసి పైకి నెట్టబడి నేల మీదకు ఎక్కాయి. భూమి పై పొరలకు కింద ఉండే రాతి మీద చెప్పులేసుకుని నడిచే చోట్లు ప్రపంచంలో తక్కువ. అందుకే శాస్త్రవేత్తలు అక్కడికి పనిగట్టుకుని వస్తారు. మనవాళ్ళు క్రషర్లలో కొట్టే నల్ల గాబ్రో కంకర ఆ సముద్రపు నేలదే. ఈ కొండల్లో వజ్రాలు తవ్వే గని ఒక్కటీ లేదు. దుబాయ్‌లో వజ్రాల వ్యాపారం పెద్దదే గానీ సరుకంతా వేరే దేశాల నుంచి వచ్చేదే.

అక్కడ దొరికే పాము చర్మంలా నున్నగా ఉండే ఆకుపచ్చ రాయిని పచ్చ అనుకుని ముగ్గురు తెచ్చారు. అది సర్పెంటైన్. చాకుకు గీత పడుతుంది, పచ్చకు పడదు. ఒక జాగ్రత్త. ఆ రాయి పగుళ్ళలో కొన్నిచోట్ల మెత్తటి నారలాంటిది ఉంటుంది, గోటితో లాగితే దారాల్లా వస్తుంది. అది రాతినార, ఆస్బెస్టాస్. గీకొద్దు, ఊదొద్దు, రూముకు తేవొద్దు. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఎన్నో ఏళ్ళ తర్వాత ప్రాణం మీదికి తెస్తుంది. పలుగురాయిని పొడిగా గ్రైండర్‌తో కోసినా అంతే, ఆ దుమ్ము మంచిది కాదు.

బాగా బరువైన నల్లరాయి ఒకటి వచ్చింది. తెచ్చిన కుర్రాడు "ఉల్క అన్నా, ఆకాశం నుంచి పడింది, లక్షలు పలుకుతుందట" అన్నాడు. దానికి టైల్ పరీక్ష చేశాం. బాత్‌రూము టైల్ వెనుక నున్నగా లేని వైపు రాయిని రుద్దితే గీత పడుతుంది. రాయి ఏ రంగైనా, గీత రంగు అబద్ధం ఆడదు. ఎర్రగా పడితే హెమటైట్ అనే ఇనుపరాయి, నల్లగా పడి అయస్కాంతానికి గట్టిగా అతుక్కుంటే మాగ్నటైట్. ఈ కుర్రాడి రాయి గీత ముదురు గోధుమ రంగులో పడింది, అయస్కాంతం అంతంతమాత్రంగా లాగింది. అది క్రోమైట్, స్టెయిన్‌లెస్ స్టీలులోకి కావలసిన క్రోమియం దాని నుంచే వస్తుంది. లారీల లెక్కన అమ్మే సరుకు అది, జేబులో పెట్టుకుని అమ్మేది కాదు. ఇంకొకరు తెచ్చిన "ఉల్క" నిండా బుడగల రంధ్రాలు. అది కొలిమి చిట్టెం. ఉల్క లోపల అట్లాంటి బుడగలు దాదాపు ఉండవు, పైన కాలిన పల్చటి నల్లపొర ఉంటుంది, చాలావాటిని అయస్కాంతం లాగుతుంది.

ఒమన్‌లో ఉన్న సోదరులు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఒమన్ ఎడారిలో నిజమైన ఉల్కలు వేల సంఖ్యలో దొరికాయి. కానీ అనుమతి లేకుండా వాటిని ఏరి దేశం దాటించడం నేరం. 2011లో ఉల్కల కోసం వచ్చిన ఇద్దరు అమెరికన్లే అక్కడ జైలుకు పోయారు. మన బతాకా చూసి ఎవరూ వదిలేయరు.

పసుపుపచ్చగా మెరిసే రాళ్ళ గురించి రెండు ముక్కలే. బంగారం మెత్తన, కొడితే రేకులా సాగుతుంది, టైల్ మీద పసుపు గీతే పడుతుంది. పైరైట్ కొడితే పొడి అవుతుంది, గీత ఆకుపచ్చ కలిసిన నలుపు. రేకులు రేకులుగా ఊడొస్తే మన కాకిబంగారం, అభ్రకం. గూడూరు వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఉప్పు నేలల్లో దొరికే ఇసుక గులాబీ చూడటానికి అద్భుతంగా ఉంటుంది, పువ్వు రేకుల్లా పేర్చినట్టు ఉంటుంది. అది జిప్సం. గోటికే గీత పడుతుంది. అందమైనదే గానీ అప్పు తీర్చదు.

మా రాజంపేట తమ్ముడు మాత్రం ఈ రాళ్ళ పంచాయితీలో ఒక మాట అని అందరినీ నవ్వించాడు. "మీరంతా ఇక్కడి రాయి ఇంటికి తీసుకుపోదామని చూస్తున్నారు. మా మంగంపేట రాయి మనకంటే ముందే గల్ఫ్‌కు వచ్చి ఉద్యోగం చేస్తోంది." నిజమే. మంగంపేట ముగ్గురాయి నీటికంటే నాలుగున్నర రెట్లు బరువు. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడికి చమురు, గ్యాసు ఎగదన్నకుండా, దీన్ని మెత్తగా పొడి చేసి బురదలో కలిపి బావిలోకి పంపుతారు. మన దగ్గర్నుంచి ఓడల్లో గల్ఫ్ దేశాలకు ఎగుమతి అవుతోంది. వీసా ఫీజు కట్టకుండా వచ్చింది అదొక్కటే అని వాడి బాధ.

కర్నూలు, అనంతపురం సోదరులు నా మీద కోప్పడతారని తెలుసు. "మా జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో తొలకరి వానకు వజ్రాలు దొరకడం లేదా?" అంటారు. దొరుకుతున్నాయి, కాదనను. వజ్రకరూరు దగ్గర 110 కోట్ల ఏళ్ళ కింద భూమి లోతుల నుంచి ఎగదన్నిన కింబర్లైట్ అనే రాయి ఉంది, వజ్రాలను పైకి మోసుకొచ్చేది అదే. వానకు పైమట్టి కొట్టుకుపోయినప్పుడు ఎప్పుడో ఒకటి బయటపడుతుంది. జూన్ వస్తే జిల్లాలు దాటి వచ్చి చెట్ల కింద వండుకుని తిని వెతికేవాళ్ళు వందల్లో ఉంటారు, వాళ్ళలో దొరికిందని పేపర్లో పడేది ఒకరిద్దరి పేరు. అక్కడ దొరికేది కూడా గుప్పెడు రాయి కాదు, శనగగింజంత ఉన్నా గొప్పే. పచ్చి వజ్రం తళతళ మెరవదు కూడా. నూనె రాసినట్టు జిడ్డుగా కనిపిస్తుంది, నీటి బొట్టు దాని మీద పరుచుకోదు. తళుకు వచ్చేది సాన పట్టాకే.

చట్టం సంగతి కూడా చెప్పాలి, ఇది రాయికంటే గట్టిది. యూఏఈ రాజ్యాంగం 23వ అధికరణం ప్రకారం ఏ ఎమిరేట్ భూమిలోని సహజ సంపద ఆ ఎమిరేట్ ప్రజల ఆస్తి. క్వారీలో నుంచి రాయి తెచ్చుకోవాలంటే ఫోర్‌మన్‌ను ఒక మాట అడగండి. ఇక పచ్చి వజ్రాల విషయంలో 2003 నుంచి కింబర్లీ ప్రాసెస్ అనే అంతర్జాతీయ ఏర్పాటు నడుస్తోంది. యూఏఈ, ఇండియా రెండూ అందులో ఉన్నాయి. ప్రభుత్వం ఇచ్చే ఆ సర్టిఫికెట్ లేకుండా పచ్చి వజ్రం ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోకూడదు. కాబట్టి "ఈ వజ్రం నీ బ్యాగులో పెట్టుకుని హైదరాబాద్‌లో ఇవ్వు, టికెట్ డబ్బులు ఇస్తాం" అని ఎవరైనా అంటే, రాయి అబద్ధమైతే మోసగాడు, నిజమైతే నిన్ను జైలుకు పంపేవాడు. రెండింట్లో నీకు లాభం లేదు.

ఇంత చెప్పినా అనుమానం తీరనివాళ్ళు సరైన ల్యాబుకే పొండి. అక్కడ ఫీజు కౌంటర్లో కడతారు, రసీదు ఇస్తారు, బరువు రాస్తారు. అమ్మిపెడతామని అనరు, వాటా అడగరు. సెలవుకు ఇంటికి పోయినప్పుడు ఉస్మానియాలో గానీ తిరుపతి శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీలో గానీ జియాలజీ విభాగం ఉంటుంది, వెళ్ళి మర్యాదగా అడగండి. సెలవు రోజున రాళ్ళు ఏరడం సరదా అయితే మంచిదే, నేను వద్దనను. పేకాటకంటే చవక. కానీ మబ్బు పట్టినప్పుడు వాదీల్లోకి దిగకండి. ఎక్కడో కొండ మీద పడ్డ వాన నిమిషాల్లో వరదై వస్తుంది, మీరున్న చోట చినుకు కూడా పడి ఉండదు.

పెద్దాయన ఆ రాత్రి రాయిని మళ్ళీ తువ్వాల్లోనే చుట్టుకున్నాడు. పోయేముందు ఆ కాగితం ఇచ్చినవాడికి నా ఫోన్ నుంచే చేయించాడు. "రాయి బరువెంతో కాయితంల రాసి తెస్తే మిగిలిన పైసలిస్త" అన్నాడు. అవతలివాడు రేపు చేస్తానని పెట్టేశాడు. మర్నాటి నుంచి ఆ నంబరు పనిచేయడం లేదు.

మొన్న శనివారం మళ్ళీ వచ్చాడు. వచ్చే నెల సెలవుకు ఇంటికి పోతున్నాడట. ఫోర్‌మన్‌ను అడిగితే "ఖల్లివల్లి, తీసుకుపో, ఇట్లాంటివి లారీలకు లారీలు తోలుతున్నం" అన్నాడట. గోరంత ముక్కను దూదిలో చుట్టి మందు సీసాలో పెట్టుకున్నాడు, బిడ్డకు పుస్తకం మీద పెట్టి రెండేసి అక్షరాలు చూపిస్తాడట. పెద్ద రాయి ఇంకా పెట్టెలోనే ఉంది. మూడు వందల దిర్హాలు మాత్రం తిరిగి రాలేదు.